ఆయన చొక్కా గుండీలు

మతిమరుపుకి మా ఊళ్ళో ప్రతివాళ్ళ దగ్గరా ఒక మందు ఉంటుంది. మా ఆయనకి ఆ జబ్బు మొదలైందని తెలియగానే పక్కింటావిడ సరస్వతి ఆకు తెచ్చింది. ఎదురింటాయన రోజూ వాల్‌నట్లు నానబెట్టమన్నాడు. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు ఉపవాస ప్రార్థన పెట్టారు. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ కదా, అందరికీ సరేనండి, సరేనండి అన్నాను.

రాజమండ్రిలో డాక్టరు గారు మాత్రం ఇంకోలా చెప్పారు. "మాత్రలతో అయ్యేది ఇంతేనమ్మా. మిగతాది మీ ఇంట్లోనే ఉంది. నడిపించండి, మాట్లాడించండి, వేళకి పడుకోనివ్వండి. ఆయన పనులు ఆయన్నే చేసుకోనివ్వండి. మీరు ఏ పని అందుకుంటే ఆ పని ఆయన మర్చిపోతారు."

వింటున్నప్పుడు ఎంత తేలిగ్గా ఉందో! ఇంటికొచ్చాక గానీ తెలియలేదు, మందు లేదంటే ఆ మందు నేనేనని. పొద్దున్నే కాలవగట్టు మీద ఆయనతో నడవాలి. నా మోకాళ్ళ సంగతి ఎవరిక్కావాలి? పేపరు చదివించాలి, చదివిందేంటో అడగాలి. హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి చేత రెండో ఎక్కం అప్పజెప్పించుకోవాలి. అందులో తప్పు చెబితే ఇద్దరం ఎటో చూస్తూ కూర్చుంటాం.

అన్నిటికంటే కష్టం చొక్కా గుండీలు. పైది కింద పెడతారు, చూసుకుంటారు, విప్పుతారు, మళ్ళీ మొదలెడతారు. నేను పెడితే నిమిషం పని. పెట్టకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే నా వైద్యం. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటాయి, నాకు ఒళ్ళు మండిపోతుంటుంది. అయినా చివరిది పడేదాకా కదిలేదాన్ని కాదు. పొద్దున లేస్తే ఆయన పూర్తిగా సొంతంగా చేసుకునే పని అదొక్కటే మిగిలింది మరి. అది కూడా పోతే ఇంకేం ఉందని నా భయం.

అలా ఉండగా ఆయన అక్కగారు పిఠాపురం నుంచి వచ్చారు, తమ్ముణ్ణి చూసుకుని నాలుగు రోజులుండి వెళ్దామని. ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి ఈయన గుండీలతో కుస్తీ పడుతున్నారు, నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

"ఏంటమ్మా ఇది! వాడలా అవస్థ పడుతుంటే సినిమా చూసినట్టు చూస్తున్నావా?" అంటూ సంచీ కింద పెట్టకుండానే చొక్కా అందుకున్నారు.

"డాక్టరు గారు అలాగే చెయ్యమన్నారు, వదినగారూ."

"డాక్టర్లకేం, చెప్తారు. వాళ్ళింట్లో మనిషైతే తెలుస్తుంది."

మా వైపు అంతే. మనిషికి బాగోలేదంటే చాలు, మర్యాదలతో ముంచేస్తాం. కాలు కింద పెట్టనివ్వం. గ్లాసు నోటికి అందించకపోతే ప్రేమ లేనట్టే లెక్క. వదినగారు ఉన్నన్నాళ్ళూ ఆయనకి స్నానం చేయించారు, బట్టలు తొడిగారు, పులస చేప దొరక్కపోయినా చందువాలు తెప్పించి ముళ్ళు తీసి ముద్దలు పెట్టారు. ఎండ అని నడక మాన్పించారు. పాపం, అంతా ప్రేమే. పెద్దావిణ్ణి ఏమంటాను? పైగా ఆ మధ్యాహ్నాలు నేను పడుకుంటే సాయంత్రం దాకా ఒళ్ళు తెలిసేది కాదు. అంత నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

ఆవిడ వెళ్ళిన మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్ళడానికి తెల్ల చొక్కా ఇచ్చి కూర్చున్నాను. ఆయన చేతులు తొడుక్కుని, గడ్డం పైకెత్తి నా ముందు నిలబడ్డారు.

"పెట్టుకోండి" అన్నాను.

"అక్క పెడుతుందిగా."

"అక్కగారు వెళ్ళిపోయారండీ. మీరే పెట్టుకోవాలి."

కదల్లేదు. లేచి ఆయన వేళ్ళ మధ్య గుండీ పెట్టాను. జారిపోయింది. మళ్ళీ పెట్టాను. దాంతో ఏం చెయ్యాలన్నట్టు నా మొహం కేసి చూశారు. చర్చిలో మొదటి గంట కొట్టారు.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "నా వల్ల కావట్లేదండీ! నడిపించీ, మాట్లాడించీ, ఇలా కాచుకుని కూర్చునీ నా పని అయిపోయింది. నన్ను చూసేదెవరు?" అని అరిచేశాను. జబ్బు మనిషి మీద అరవకూడదని తెలుసు. తెలిస్తే ఆగుతుందా?

భయపడతారనుకున్నాను. భయపడలేదు. దగ్గరకొచ్చి నా తల మీద చెయ్యి వేశారు.

"ఏడవకోయ్. అక్కకి కబురు పెడదాం. నీక్కూడా అన్నీ తనే చేస్తుంది" అన్నారు.

రెండో గంట కూడా అయిపోయింది. కళ్ళు తుడుచుకుని పైనుంచి ఒక్కొక్క గుండీ పెట్టాను. అప్పట్నుంచీ నేనే పెడుతున్నాను.