రాజమహేంద్రవరం బండ మీద మా తెల్ల మరకలు

భీమవరంలో పుట్టి కొండలెక్కే పిచ్చి తగిలించుకోవడం నా ఖర్మ. మా ఊళ్లో ఎత్తైనవంటే వాటర్ ట్యాంకులు, రొయ్యల మేత బస్తాల దొంతరలు. అందుకే మా బృందం ఆదివారాలు రాజమహేంద్రవరం శివార్లలోని అటవీ పార్కుకు వెళ్లి, అక్కడి పెద్ద బండను తాళ్ల సాయంతో ఎక్కేది. కిందటి నెల గేటు దగ్గరే ఆపేశారు. బండ ఎక్కడం ఇక నిషేధమట. రేంజర్ గారిని బతిమాలితే, శనివారం వచ్చి చెప్పుకోమన్నారు. ఆ బండ కూడా పోతే మాకు దగ్గర్లో ఇంకొకటి లేదు. వాదించే పని నా నెత్తిన పడింది.

పొద్దున్నే తణుకు, రావులపాలెం మీదుగా వెళ్లే బస్సెక్కాను. రెండున్నర గంటల దారి, టికెట్టు నూటయాభై లోపే. చెప్పాల్సిన మాటలు దారంతా బట్టీ పట్టాను. దిగాక పెసరట్టు ఉప్మా తెప్పించుకున్నాను గానీ కంగారులో సగం వదిలేశాను. పార్కుకు ఆటో రెండు వందలు. డ్రైవరు నా భుజాన తాడు చుట్ట చూసి, "నూతిలో బకెట్ పడిందాండీ?" అన్నాడు. బండ ఎక్కడానికన్నాను. "మెట్లు లేవాండీ అక్కడ?" అని జాలిపడ్డాడు.

రేంజర్ గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. "మీలో ఎవరికైనా ఏమైనా అయితే నా మెడకి చుట్టుకుంటుందండి. పైగా ఈవిడ ఫిర్యాదు కూడా ఉంది," అంటూ పక్కనున్న పెద్దావిడను చూపించారు. ఆవిడ పేరు సత్యవతి గారు. పార్కు కంచెను ఆనుకున్న కాలనీలో, సరిగ్గా బండ కిందే ఆవిడ ఇల్లు. నేను హెల్మెట్లు, తాళ్లు, ఇన్సూరెన్సు అంటూ ఊపిరి తిప్పుకోకుండా మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపేశారు.

"అవన్నీ సరేనండి. ఆ సున్నం గుర్తులు ఎందుకు పెట్టారో చెప్పండి ముందు."

"సున్నమేంటండీ?"

"బండ నిండా ఉన్నవి మీవి కాదా? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మా అరుగుకీ ఇలాగే పెట్టి, వారం తిరక్కుండా కొట్టేశారు. ఇప్పుడు కొండని కంకరకి కొట్టేస్తారా ఏంటి? పేలుళ్లు మొదలైతే మా గోడలు నిలుస్తాయా అండి?"

అప్పుడు వెలిగింది నాకు. చేతులు చెమటకు జారకుండా మేము తెల్ల పొడి రాసుకుంటాం. వేలు పడ్డచోటల్లా మరక మిగులుతుంది. గోడ మీద తెల్ల గీత కనబడితే గుండె జారిపోయే ఊళ్లలోనే పుట్టి పెరిగినా, మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. సంచీలోంచి పొడి తీసి ఆవిడ అరచేతిలో పోశాను. వేళ్లతో నలిపి, వాసన చూసి, "పౌడరేగా ఇది!" అన్నారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "అమ్మయ్య! నెల్లాళ్లుగా కంటి మీద కునుకు లేదండి నాకు."

నా ప్రాణమూ అప్పుడే కుదుటపడింది. బకెట్లు, కొబ్బరి పీచు పట్టుకెళ్లి ఆ మధ్యాహ్నమే అందినంత మేర బండ కడిగాను. ఏమైనా అయితే పూచీ మాదేనని కాగితం రాయించుకుని, రేంజర్ గారు ఆదివారాలకు ఒప్పుకున్నారు. గుడ్లగూబ గూడున్న తూర్పు వైపు మాత్రం వెళ్లొద్దన్నారు. సత్యవతి గారు గేటు దాకా వచ్చి, "మానేయకండి, వారం వారం రండి. పదిమంది ఎక్కే కొండని కొట్టడానికి ఎవరైనా కాస్త జంకుతారు కదండీ," అన్నారు.

తిరుగు బస్సులో హాయిగా నిద్రపట్టింది. దారంతా బట్టీ పట్టిన వాదనలో ఒక్క ముక్కా పనికి రాలేదని నవ్వు కూడా వచ్చింది. మాకు ఆదివారం సరదా పోతుందని నేను వెళ్లాను, ఆవిడకు ఇల్లే పోతుందని భయం. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: గట్టి బ్రష్ ఒకటి వెంట ఉంచుకుని, దిగేటప్పుడే మరకలు తుడిచేయండి. కింద కాలనీలో ఎవరో ఒకరు నిలబడి చూస్తుంటారు. సంగతి తెలిసినా సరే, చివరి మరక పోయేదాకా వాళ్లు లోపలికి వెళ్లరు.