కప్పతల్లి గుండె

ఎవరి కప్పను వాళ్ళే తెచ్చుకోవాలని మా జంతుశాస్త్రం లెక్చరరుగారు ప్రకటించిన రోజు తరగతంతా తల తిప్పి కిటికీ బయటి ఎండను చూసింది. ఆయనది కాలవల దేశం. వాళ్ళ ఊళ్ళో వానాకాలం చెప్పులో కాలు పెట్టాలంటే ముందు కప్పను దులుపుకోవాలట. పరీక్షల కోసం మద్రాసు నుంచి తెప్పించిన బుట్టెడు కప్పలూ రైల్లోనే ఎండకు చచ్చిపోయాయి. ఆయన ఏమాత్రం కంగారుపడకుండా, "దానికేముందండీ, ఏ గుంట దగ్గరికెళ్ళినా దొరుకుతాయి" అన్నారు. అనంతపురంలో గుంటలకు కరువు లేదు. కరువంతా వాటిలో నీళ్ళకే.

అరవైల్లో మాట ఇది. నేను బీయస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. కప్పలు తెలివైనవి, భూమిలోకి దిగి పడుకున్నాయి. మనుషులకు ఆ సౌకర్యం లేదు కాబట్టి మేము పరీక్షలు రాయాల్సి వచ్చింది.

ప్రాక్టికల్ పరీక్ష ఏమిటంటే, కప్పను కోసి, మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ అనే నరాన్ని వెతికి పట్టుకోవాలి. దానికి బ్యాటరీ తీగ ఆనిస్తే గుండె ఆగిపోతుంది. ఆ ఆగడాన్ని మసి పట్టించిన కాగితం మీద గీతగా చూపించాలి. గుండె తనంతట తానే కొట్టుకునే ఎద్దు లాంటిదని, వేగస్ దాన్ని నిలేసే పగ్గమని, ఇంకో రకం నరాలు దాన్ని అదిలించే చెర్నాకోల అని నాకు నేనే చెప్పుకుని గుర్తుపెట్టుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ చెర్నాకోల సంగతి పుస్తకం చదవకముందే బాగా తెలుసు.

మా నాయన కళ్యాణదుర్గం పక్క మెట్టచేలల్లో చెనిక్కాయ, అదే వేరుశనగ, పండించే మనిషి. ఆడపిల్లనైన నన్ను కాలేజీకి పంపేటప్పుడు, "తప్పితే ఇంటికొచ్చెయ్యి" అని ఒక్కసారే చెప్పాడు. ఆయన ఏ మాటా రెండోసారి చెప్పడు. కప్ప లేకపోతే ప్రాక్టికల్ పోతుంది, ప్రాక్టికల్ పోతే డిగ్రీ పోతుంది, ఆ తర్వాత నేనూ కొడవలీ చేలో ఉంటాం. నా చదువంతా ఒక కప్ప కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

తరగతి మొత్తం కప్పల వేటలో పడింది. బావుల్లోకి దిగినవాళ్ళు దిగారు. ఒకడు తొండను పట్టుకొచ్చి, "దీనికీ గుండె ఉండాది కదా సార్" అని వాదించాడు. నేను శనివారం బస్సెక్కి ఊరికి పోయాను. మా అవ్వ, అంటే మా నాయనమ్మ, స్నానం చేసే పెరటి బండ కింద ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది. ఇంట్లోకి అడుగు పెట్టగానే పలకరింపులు కూడా లేకుండా వెళ్ళి ఆ బండ కిందికి వంగి చూశాను. ఉంది. పచ్చగా, బక్కగా, లోకంతో పని లేనట్టు కూర్చుని గొంతు ఆడిస్తోంది.

"అవ్వా, ఈ కప్ప నాకు కావల్ల."

అవ్వ చేటలో చెనిక్కాయలు చెరుగుతోంది. "ఏంటికి?" అంది.

"పరీక్షకు. దాని గుండె చూడల్ల."

"సూడు. ఎవురొద్దన్నారు? ఆడే ఉండాది కదా."

"కోసి చూడల్ల అవ్వా."

అవ్వ చేతిలో చేట ఆగింది. "గుండె సూసేకి కొయ్యల్నా? నీకు గుండె ఉండాదో లేదో అని నిన్నెప్పుడన్నా కోసి సూసినామా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. అసలు సంగతి ఏమిటంటే ఆ కప్పకు అప్పటికే వేరే పని ఒప్పుకుని ఉంది అవ్వ. మర్నాడు ఆదివారం కప్పతల్లిని తిప్పాలి. వాన పడని ఏడు మా వైపు ఆడవాళ్ళు చేసే పని అది. కప్పను తడిగుడ్డలో పెట్టి, వేపమండలతో కలిపి రోకలికి కట్టి, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ బయటికి వచ్చి దాని మీద చెంబెడు నీళ్ళు పోసి వాన అడుగుతుంది. తిప్పడం అయిపోయాక కప్పను చల్లని చోట ప్రాణాలతో వదలాలి. ఊరంతా వెతికితే దొరికిన కప్ప ఇదొక్కటే. అంటే ఊరికి వాన కావాలన్నా అదే గతి, నాకు డిగ్రీ కావాలన్నా అదే గతి.

"తిప్పినంక నాకియ్యి" అన్నాను.

"కప్పతల్లిని కోస్తే వాన యాడ నుంచి వస్తాది?" అంది అవ్వ.

నేను అలిగి ఆ పూట సంగటి ముట్టలేదు. అవ్వ ఏమీ బతిమాలకుండా తన ముద్ద తాను తినేసి, నా ముద్ద మీద మూత పెట్టింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. రోకలి ముందు కొస అవ్వ భుజం మీద, వెనక కొస పక్కింటి ఆమె భుజం మీద. నేను మొహం మాడ్చుకుని వెనకాలే నడిచాను, కప్ప మీద నుంచి కళ్ళు తియ్యకుండా. మైళ్ళ దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్ళను ఒక్కొక్కరూ చెంబు నిండుగా పోస్తుంటే చూసి నా మొహం మాడ్పు కొంచెం తగ్గింది. ఒక ఇంటి ముందు ఆ నీళ్ళకే బురదయింది. ఆ ఏడాది మా ఊళ్ళో బురద చూడటం అదే మొదటిసారి. దాని మీదే పక్కింటి ఆమె కాలు జారింది. రోకలి పక్కకు ఒరిగి, కప్ప ఉన్న మూట గడప రాయికి తగిలింది.

పెద్ద దెబ్బేమీ కాదు. అయినా అవ్వ మూట విప్పి చేతిలోకి తీసుకుంటే కప్ప వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు వేలాడుతున్నాయి. ఎప్పుడూ ఆడుతూ ఉండే గొంతు ఆడటం లేదు.

పాట ఆగిపోయింది. కప్పతల్లి ఎవరి చేతుల్లో చచ్చిపోతే ఆ ఏడు వాన రాని పాపం వాళ్ళది. నేను పుట్టకముందెప్పుడో ఒకామె చేతిలో అట్లాగే అయిందట. నాకు ఊహ తెలిసేనాటికి కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, కప్పను చంపినామె అనే అనేవాళ్ళు. అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు. మా అవ్వ భయపడగా నేను చూసింది అప్పుడే. నా అలక ఎటు పోయిందో తెలియదు.

అప్పుడు నాకు పుస్తకంలో ఒక పేజీ కళ్ళ ముందుకొచ్చింది. కప్ప పొట్ట మీద దెబ్బ తగిలితే, ఆ కబురు నరాల వెంట మెదడుకు పోతుంది. మెదడు వేగస్ పగ్గాన్ని గట్టిగా లాగుతుంది. గుండె నిలిచిపోతుంది, దాంతోపాటు ఊపిరీ బిగుస్తుంది. అయితే గుండె ఎంతోసేపు ఆ పగ్గానికి లొంగి ఉండదు, మళ్ళీ తనంతట తాను కదులుతుంది. కప్పకు తడిచర్మం కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి ఆ కాసేపూ గొంతు ఆడకపోయినా ముప్పు లేదు.

"ఎవురూ ముట్టుకోవద్దండి!" అని అరిచి, జనాన్ని తోసుకుని పోయి, కప్పను తడిగుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టాను. "ఇది చావలేదు. గుండె నిలబడింది, అంతే. మల్ల లేస్తాది."

చెప్పడమైతే గొప్పగా చెప్పాను కానీ, చదవడమే తప్ప నేనెప్పుడూ చూసింది లేదు. నా గుండె దడదడలాడుతోంది, నోరు ఎండిపోయింది. అది చెర్నాకోల నరాల పని, అదే పుస్తకంలో తర్వాతి పేజీ. అవ్వ నా పక్కన గొంతుక్కూర్చుంది. కప్ప ఛాతీ మీది పల్చటి చర్మాన్నే చూస్తూ ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు మా అందరి ఊపిరి కంటే ముందు దాని గుండె కదిలింది. చర్మం సన్నగా అదిరింది. ఆగి, మళ్ళీ అదిరింది. కాసేపటికి గొంతు ఆడింది. ఆ తర్వాత అది ఒక్కసారి బోర్లా తిరిగి, మమ్మల్నందరినీ విసుగ్గా చూసింది.

"పాపకు మంత్రం వచ్చునప్పా!" అని ఎవరో అన్నారు. మంత్రం కాదు, నరం అని నేను చెప్పబోయాను. ఎవరూ వినలేదు. సాయంత్రానికి ఒకామె మెడ వాల్చేసిన కోడిపెట్టను చంకలో పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

అట్లా లేచి కూర్చున్న కప్పను కోస్తానని ఊళ్ళో ఎవరి ముందు అనగలను? దాన్ని మళ్ళీ స్నానాల బండ కిందే వదిలారు, కాపలా అవ్వకు అప్పజెప్పారు. నేను ఖాళీ గాజుసీసాతో బస్సెక్కాను. బస్సు కదిలేదాకా అవ్వ ఆ సీసా వైపే చూసింది.

పరీక్ష రోజు కొందరికి ఎక్కడెక్కడి బావుల నుంచో కప్పలు దొరికాయి. నా ముందు ఖాళీ ట్రే ఉంది. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా బల్ల దగ్గర ఆగి, "కప్ప లేకుండా నేనేం మార్కులు వెయ్యాలమ్మా?" అన్నాడు. మాట మెత్తగానే ఉంది, దాంతో నాకు ఏడుపు ఇంకా దగ్గరకొచ్చింది. మధ్యాహ్నం దాకా కూర్చోనిచ్చారు, అదీ మా లెక్చరరుగారి దయ.

ఇంతలో వాకిట్లో గొడవ. "ఏమవ్వా, యాడికి పోతాండావు? లోపల పరీక్ష జరుగుతాంది" అని అటెండరు అడ్డుపడుతున్నాడు. "పరీక్షకే వచ్చినా, జరుగు" అంటూ మా అవ్వ లోపలికి వచ్చేసింది. కాళ్ళ నిండా దుమ్ము. చేతిలో ఇత్తడి చెంబు, దాని మూతికి తడిగుడ్డ. దారంతా బస్సులో కండక్టరు చెంబులో ఏముందని అడగడం, కప్ప అని చెబితే పక్క సీటు ఆమె లేచిపోవడం, ఆ సీట్లో అవ్వ కాళ్ళు చాపుకుని రావడం, ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి చెంబు దించింది.

"కోసుకో పాపా" అంది. వెంటనే బయటికి పోయి కిటికీ అవతల నిలబడింది.

కప్పను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో సూది తీసుకున్నాను. కోతకు ముందు కప్పకు తెలివి పోయేలా తల వెనక సూది గుచ్చాలి. బొటనవేలి కింద దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. ఈ గుండె ఆగిన కాసేపూ మా అవ్వ మొహం ఎట్లా ఉందో నేను చూశాను. సూది బల్ల మీద పెట్టేశాను.

"సార్, కొయ్యకుండా చూపిస్తాను" అన్నాను.

మా లెక్చరరుగారు తల పట్టుకున్నారు. ఎగ్జామినర్ మాత్రం, "ఏం చూపిస్తావో చూపించు" అన్నాడు. కప్పను తడిగుడ్డ మీద వెల్లకిలా పట్టుకుని, కత్తి పిడితో పొట్ట మీద తట్టాను. ఛాతీ అదురు ఆగింది. గొంతు నిలిచింది. ఎగ్జామినర్ కళ్ళద్దాలు జారేంతగా వంగి చూశాడు. నేను పగ్గం సంగతి, మెదడు సంగతి, ఊపిరి ఎందుకు బిగుస్తుందో ఆ సంగతి అంతా గడగడా చెప్పేశాను. మెదడు పట్టుకునే ఉంటే గుండె మళ్ళీ ఎట్లా కొట్టుకుంటుందని అడిగాడు. "గుండెకు కొట్టుకోవడం ఎవరూ నేర్పలేదు సార్, ఆపడమూ అదిలించడమే మెదడు పని" అన్నాను. నా మాట పూర్తి కాకముందే కిటికీ అవతలి నుంచి, "అదో, లేసింది!" అని అవ్వ అరిచింది. పరీక్ష హాలంతా నవ్వింది, ఎగ్జామినర్ కూడా.

కోత మార్కులు సున్నా వేశాడు. నోటి ప్రశ్నలకు మాత్రం చెయ్యి బిగబట్టలేదు. రెండూ కలిపితే తప్పకుండా గట్టెక్కానని మా లెక్చరరుగారు ఆ సాయంత్రమే చెవిన వేశారు.

బస్టాండులో అవ్వ చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు సంతోషంతో కాలు నిలవడం లేదు. "ఊళ్ళోవాళ్ళు దీన్ని ఎట్ల ఇచ్చినారు అవ్వా?" అని అడిగాను.

"ఎవురిచ్చినారు? పొద్దున నా చేతిలోనే పాణం పోయిందని చెప్పినా. పూడ్సిపెట్టి వస్తానని ఊరి బయటికొచ్చి బస్సెక్కినా."

ఆదివారం నాడు ఏ మాట పడాల్సి వస్తుందని ఆమె నెత్తురు ఇంకిపోయిందో, ఆ మాటను ఈ రోజు తానే పోయి తన నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"ఇప్పుడు బతికుండాదే, ఏం చెప్తావు?"

"ఏముంది? నువ్వు లేపినావని చెప్తా. ఒకసారి సూసినారు కదా, నమ్ముతారు."

నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు. "నేను కోసేసి ఉంటే?" అన్నాను.

అవ్వ బస్సు వచ్చే దారి వైపు చూస్తూ, చెంబు మీది గుడ్డ సర్దింది.

"కోసింటే కోసింటావు. నేను ముసల్దాన్ని, ఇంగెన్నేండ్లు తిడతారు? నీకు ముందర శానా ఉండాది."

బస్సు వచ్చింది. నేను ఏడుస్తూ చెంబు పట్టుకున్నాను, అవ్వ ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి అందించాను.