తిట్టని కంపైలర్

శుక్రవారం పొద్దున ఫోన్. నిర్మల్ జిల్లా నుంచి ఇక్కడికి పనికొచ్చిన తాపీమేస్త్రి, మా పై ఫ్లాట్‌లో ఉండే టీచర్ గారింటి నుంచే చేశాడు. "సార్, మేడం పొద్దుగాల లేవలేదు."

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"లేవనే లేదు సార్. ఆళ్ల సారు ఏడ్వబట్టిండు."

నిద్రలోనే గుండె ఆగిందట. గురువారం సాయంత్రం నాతో పోట్లాడిన మనిషి! ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఆవిడ ఇక్కడ గల్ఫ్‌లో, మేముండే ఘుబ్రా పేటలో కంప్యూటర్ టీచర్. తెలుగులో రాసుకునే ప్రోగ్రామింగ్ భాషనూ, దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌నూ తయారుచేసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని ఊరికే నెట్‌లో పెట్టేశారు. ఖురంలో ఆఫీసు అయ్యాక నేనూ ఓ చెయ్యి వేసేవాణ్ణి. నేను పంపిన ప్రతి మార్పునూ పరీక్ష పేపర్‌లా దిద్దేవారు. "ముందు ఎక్కడ విరుగుతోందో చూపించవయ్యా, అతుకు తర్వాత వేద్దువుగాని," అనేవారు. ఒళ్లు మండేది. కానీ నాకు పని నేర్పింది ఆ దిద్దుబాట్లే.

సైట్‌లో డ్యూటీ లేని శుక్రవారాలు మేస్త్రి ఆవిడ దగ్గరకు వచ్చి, గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో చెప్పే ప్రోగ్రాం రాయడం నేర్చుకునేవాడు. మొదటిసారి ఏదో తప్పు కొడితే తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. చెయ్యి వెనక్కి లాక్కుని, "గిది నన్ను తిడుతున్నదా మేడం?" అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. వేరే పని ముట్టకుండా కంపైలర్ తప్పు చెప్పే మాటలన్నీ తిరగరాశారు.

వాటిని నేను మళ్లీ కుదించి పంపాను. అదే మా గొడవ. "యంత్రానికి ఇంత మర్యాద దేనికి మేడం? 'లైన్ 12: బ్రాకెట్ లోపం' అంటే చాలదూ?"

"రేపు టీకి రా. మేస్త్రీ వస్తాడు. నువ్వూ కాదు, నేనూ కాదు, అతను చూసి చెప్తాడు," అన్నారు.

నేను విసురుగా మెట్లు దిగి వచ్చేశాను. ఆ విసురే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

తర్వాతి శుక్రవారం మేస్త్రిని మా ఇంటికే పిలిచాను. టీ పెట్టి, అతని ఇటుకల ప్రోగ్రాంలో ఒక బ్రాకెట్ తీసేసి, ముందు నేను రాసిన మాట చూపించాను. చదివి, కీబోర్డ్ మీంచి చెయ్యి తీసేశాడు. "మీరే చూడుండ్రి సార్."

ఆవిడ రాసింది పెట్టాను: "దాదాపు అయిపోయింది. పన్నెండో లైన్‌లో తెరిచిన బ్రాకెట్ మూసినట్టు లేదు, ఒక్కసారి చూడండి."

అతను కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. పన్నెండో లైన్ దగ్గర వేలు పెట్టి, తెరిచిన బ్రాకెట్ వెతికి పట్టుకుని, తనే మూశాడు.