మా మేనత్త చేతులకి నొప్పి ఉండేది

మంగళవారం పొద్దున రేపల్లెలో మా ఇంటికి బాపట్ల నుంచి టెలిగ్రాం వచ్చింది. మా మేనత్త పోయింది. మా అత్తగారు విషయం విని, "పోనీలెమ్మా, ఆ బాధ తీరింది" అన్నారు. ఆవిడ మంచి మనిషే, మంచికే అన్నారు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఆ బాధ తగ్గే దారి ఎనిమిదేళ్ళ కిందటే కనపడింది. అటు వెళ్ళనివ్వనిది నేను. అందుకే ఇది చదివేవాళ్ళకి ముందే చెబుతున్నాను, ఆమెను పొగిడే అర్హత నాకు లేదు.

ఆమె మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. బాపట్లలో ఆడపిల్లల బడిలో చిన్న క్లాసులకి టీచరు. సెలవులకి తెనాలిలో మా ఇంటికి వచ్చేది. వచ్చిందంటే ఇల్లంతా దిద్దుబాట్లే. నా జడ, నాన్న చేతిరాత, అమ్మ పులుసులో ఉప్పు, ఏదీ ఆమెకి ఒక పట్టాన నచ్చేది కాదు. మేం విసుక్కునేవాళ్ళం, ఆమె వెళ్ళిపోయాక ఇల్లు బోసిగా ఉందనుకునేవాళ్ళం.

నేను హైస్కూల్లో ఉండగా ఆమెకి వేళ్ళ కణుపులు వాచాయి. తర్వాత వేళ్ళన్నీ చిటికెనవేలి వైపు ఒరగడం మొదలుపెట్టాయి. తెనాలిలో ఒక డాక్టరు వాతమని మాత్రలిచ్చాడు. ఇంకొకాయన పళ్ళలో చీముంది, పీకిస్తే తగ్గుతుందన్నాడు. రెండు పళ్ళు పీకించుకుంది. "పళ్ళు పోయాయి, వాపు మాత్రం కదల్లేదు. ఇంకేమన్నా పీకాలేమో కనుక్కో తమ్ముడూ" అని నాన్నని ఏడిపించేది.

ఆ వంకర వేళ్ళు చూసి బాపట్ల చర్చిలో కుష్ఠు అన్నారు. మాలో ప్రభుభోజన సంస్కారం రోజున అందరూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం పుచ్చుకుంటాం. ఆమె తాగిన గిన్నెలో మేమెలా తాగుతామని గొణుగుడు బయల్దేరింది. కుష్ఠయితే స్పర్శ ఉండదు కాబట్టి సూదితో గుచ్చి చూద్దామని సంఘపెద్దలు తీర్మానించారు. ఆదివారం ఆరాధన ముందు, చర్చి వసారాలో, అందరూ చూస్తుండగా. తెనాలి నుంచి వెళ్ళిన నాన్నా నేనూ పక్కనే ఉన్నాం. ఒక పెద్దాయన భార్య తన పవిట పిన్నీసు తీసి ఆమె వేలి కణుపు మీద గుచ్చింది. మేనత్త కెవ్వుమంది.

"అమ్మయ్య, నొప్పి ఉందండి!" అని నాన్న అందరి వంకా చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె కళ్ళు తుడుచుకుని రెండో చెయ్యి చాపింది.

"ఇదీ గుచ్చండి. మళ్ళీ వచ్చే ఆదివారం అనుమానం రాకూడదు."

గుచ్చారు. అదీ నొప్పి పుట్టింది. అయినా ఎందుకైనా మంచిదని గిన్నె దగ్గరికి అందరి తర్వాత రమ్మన్నారు. అప్పటినుంచి ఆమె అందరి తర్వాతే వెళ్ళేది. "అడుగున మిగిలిందే తియ్యగా ఉంటుందే" అనేది నాతో.

చివరికి గుంటూరులో ఒక కుర్ర డాక్టరు సరిగ్గా చూశాడు. "ఈ కీళ్ళ జబ్బులకి విడిగా డాక్టర్లుంటారండి. రుమటాలజిస్టు అంటారు. మన వైపు లేరు. మద్రాసు తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి" అని చీటీ రాసిచ్చాడు.

ఆ నెలలోనే నాకు రేపల్లె సంబంధం కుదిరింది. అబ్బాయి తల్లి ఒకరి ద్వారా మేనత్త చేతుల గురించి ఆరా తీసిందని మాకు తెలిసింది. నాన్న మద్రాసుకి బయల్దేరదామంటే నేనే అడ్డుపడ్డాను.

"ఇప్పుడెందుకు నాన్నా? పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారంటే ఏమనుకుంటారు? పెళ్ళి కానియ్యి. అత్తకి కొత్తగా ఇప్పుడేం ముంచుకొచ్చింది?"

ఆమె పక్క గదిలోనే ఉంది. "అమ్మాయి చెప్పింది నిజమే తమ్ముడూ. నాకు సెలవు కూడా లేదు" అంది.

నా పెళ్ళికి ఆమె వెనక బల్ల మీద, చేతులు పవిట కింద దాచుకుని కూర్చుంది. దీవించడానికి కూడా ముందుకి రాలేదు. నేనూ పిలవలేదు. పెళ్ళయ్యాక, నా కాన్పు కానియ్యమన్నాను. అలా రెండేళ్ళు గడిచాయి. ఈలోగా ఆమె సుద్దముక్కని రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి బోర్డు మీద రాయడం నేర్చుకుంది.

మద్రాసు డాక్టరు అరవాయన, తెలుగు వచ్చు. "పొద్దున లేచాక వేళ్ళు ఎంతసేపటికి కదులుతాయమ్మా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో మేమెవరమూ అడగని మాట అది.

"మొదటి బెల్లుకి గ్లాసు పట్టుకోగలనండి. రెండో బెల్లుకి సుద్దముక్క."

ఆయన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క కణుపే నొక్కి చూశాడు. ఆమె ఏడ్చేసింది. నొప్పిగా ఉందా అన్నాడు. "లేదండి. ఈ చేతిని ఎవరన్నా పట్టుకుని చాలాకాలమైంది" అంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎక్స్‌రే చూసి ఆయన, జబ్బు కీళ్ళని చాలావరకు తినేసిందన్నాడు. బంగారం కలిపిన మందు ఇంజక్షన్లతో ఇంకా ముదరకుండా చూడొచ్చు గాని, వంకర పోదన్నాడు. "రెండేళ్ళ కిందట రాసిన చీటీ ఇది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"నా అశ్రద్ధేనండి. బడి వదల్లేక" అంది మేనత్త, నా వంక చూడకుండా. నోరు విప్పాల్సిన చోట నేను విప్పలేదు.

ఆ తర్వాత కూడా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. కిందటేడు మా అత్తగారిని అడిగాను, అప్పుడే మద్రాసు తీసుకెళ్ళి ఉంటే ఈ సంబంధం మానుకునేవారా అని. ఆవిడ తెల్లబోయారు. "ఎందుకు మానుకుంటామమ్మా? పాపం వైద్యం చేయిస్తున్నారో లేదోననే కదా నేను అడిగించింది" అన్నారు.

బుధవారం బాపట్లలో ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. చేతులకి తెల్ల గ్లౌజులు తొడగబోతే ఆ వేళ్ళకి ఎక్కలేదు. "చూసేవాళ్ళకి బాగుండదు, తెల్ల సాక్సులుంటే తొడుగుదాం" అంది ఒకావిడ. తెచ్చారు. నేను మణికట్టు పట్టుకున్నాను. సాక్సు కణుపుల దగ్గర పట్టేసింది. ఆవిడ బలంగా లాగింది.

"మెల్లగా అండి, నొప్పి" అన్నాను.

అందరూ నా వంక చూశారు. ఆవిడ జాలిగా తలూపి, సాక్సు మణికట్టుదాకా లాగేసి, రెండో చెయ్యి పట్టుకోమంది. పట్టుకున్నాను.