కాలు కింద పెట్టకుండా కూర్చున్న ప్రయాణం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలండి. నా పేరు రత్నకుమారి, కంకిపాడు పక్కన పల్లెటూరు మాది. మైకు దొరికితే వదలవు, తొందరగా ముగించమని మా ఆయన పొద్దున్నే హెచ్చరించారు, అయినా దేవుడు ఇంత మేలు చేశాక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదండి!

రెండేళ్ళ క్రితం క్రిస్మస్ కూడిక నుంచి మోటారు సైకిల్ మీద వస్తుంటే, కాలవ గట్టు మీద నా చీర కొంగు వెనక చక్రంలో చుట్టుకుపోయి ఇద్దరం పడిపోయాం. మా ఆయన చెయ్యి విరిగింది, నా నడుము దెబ్బతింది. అవి నయమయ్యాయి గానీ భయం మాత్రం నన్ను వదల్లేదు. ఆటో ఎక్కితే చెమటలు, బస్సు మెట్టు మీద కాలు పెడితే కళ్ళు తిరగడం, మందులు మింగాను, ఉపవాసాలున్నాను, అయినా నడిచి వెళ్ళలేని చోటికి వెళ్ళడమే మానేశాను. ఏం బతుకండీ అది!

మా ఒక్కగానొక్క అమ్మాయి శాంతి అత్తగారిల్లు బెజవాడలో, ఆటోనగర్ దగ్గర. దానికి తొలి కాన్పు. మన వైపు తల్లి వెళ్ళి కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవాలి కదా, నేను వెళ్ళలేకపోయాను. మా వియ్యపురాలు మంచి మనిషి, ఇక్కడే ఉంటుందిలెండి, మేం చూసుకుంటాం అన్నారు, ఆవిడ అంత మంచిగా అనేసరికి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

ఒకరోజు పొద్దున అల్లుడు ఫోన్ చేశాడు. శాంతికి బీపీ బాగా పెరిగిందట, గవర్నర్‌పేటలో ఆసుపత్రిలో చేర్చారట, ఆపరేషన్ చెయ్యాలంటున్నారట, అమ్మ వచ్చేదాకా లోపలికి వెళ్ళనని అది ఒకటే ఏడుపట. మా ఆయన చూస్తే పనిమీద బందరు వెళ్ళారు. వాకిట్లో కూలబడిపోయాను. అప్పుడే పక్కింట్లో ఉండే మా ఆడపడుచు సువార్త స్కూటీ తీసింది. ఈ సువార్త గురించి చెప్పాలండి! చిన్న వయసులోనే భర్త పోతే, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా, స్కూటీ నేర్చుకుని ఊరూరా తిరిగి చీరలమ్మి ఇద్దరు పిల్లల్ని చదివించింది. సణగడం ఎరగదు, ప్రార్థన మానదు. అలాంటి మనిషిని నా కళ్ళ ముందు పెట్టినందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే.

"ఎక్కు వదినా, ఏడుపు ఆసుపత్రికి వెళ్ళాక చూసుకుందాం" అంది. ఎక్కాను, ఎప్పట్లాగే ఒక పక్కకి. ఎక్కానన్న మాటే గానీ, మలుపు వచ్చినప్పుడల్లా బండి ఎటు ఒరిగితే నేను దానికి ఎదురు ఒరుగుతున్నాను, కాలు కిందపెట్టి రోడ్డుకి రాస్తున్నాను. కంకిపాడు సెంటర్లో బండి పడబోయి ఆగింది. సువార్త విసుక్కోలేదు. "వదినా, నడిపేది నేను. నేను ఒరిగిన వైపే నువ్వూ ఒరగాలి. నువ్వు కాలు పెట్టావంటే ఇద్దరం పడతాం" అంది. దిగమని, కొంగు గట్టిగా దోపి, మగవాళ్ళలా అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోమంది! టీ కొట్టు దగ్గర జనమంతా చూస్తున్నారు, యాభై దాటిన దాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కూతురి కోసం కూర్చున్నాను.

సువార్త వీపుకి తల ఆనించి ప్రార్థన చేశాను. "ప్రభువా, నన్ను నడిపించు నడిపించు అని రోజూ అడిగాను, అడుగుతూనే నా కాలు కింద పెట్టుకుని ఉన్నాను. ఇదిగో తీసేస్తున్నాను తండ్రీ. నువ్వు ఎటు ఒరిగితే అటే వస్తాను, నా బిడ్డ దగ్గరికి చేర్చు." భయం పోయిందా అంటే పోలేదండి, అబద్ధం చెప్పను. ఒళ్ళంతా వణుకుతూనే ఉంది. కానీ సువార్త ఒరిగితే నేనూ ఒరిగాను. పోరంకి దాటాం, కానూరు దాటాం, బెంజి సర్కిల్ దగ్గర లారీలు, బస్సులు, హారన్లు, అంత గోలలో ఒక్కసారి కళ్ళు తెరిచి చూశాను, వణుకు లేదు! ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలియలేదు. నా దేవుడెంత గొప్పవాడండీ, భయమంతా తీరాక రమ్మనలేదు, భయంతో ఉన్నదాన్నే ఎక్కించుకుని దారిలోనే బాగుచేశాడు!

ఆసుపత్రిలో శాంతిని అప్పుడే లోపలికి తీసుకెళ్తున్నారు. నన్ను చూసి "అమ్మా, ఎలా వచ్చావే!" అని నా చెయ్యి పట్టుకుని, నర్సమ్మ విడిపించేదాకా వదల్లేదు. తల్లీ బిడ్డా క్షేమం, ఆడపిల్ల, దేవునికే మహిమ!

సహోదరులారా, ఇక్కడ ఎవరికి ఏ భయం ఉందో నాకు తెలియదు, ఆయనకి తెలుసు. ధైర్యం వచ్చాక నమ్ముదామని ఆగకండి, వణుకుతూనే రండి, ఆయన వద్దనడు. పోయిన వారం నేనే ఆటో మాట్లాడుకుని బెజవాడ వెళ్ళి, నా కూతుర్నీ మనవరాలినీ పుట్టింటికి తెచ్చుకున్నాను. అదిగో, వెనక వరసలో సువార్త ఒళ్ళో నిద్రపోతోంది మా బుజ్జితల్లి. మీరందరూ ఒకసారి దాన్ని ఆశీర్వదించండి.