అమ్మోరు అడిగిన కొసరు

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో బరువనిపించలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు మంగళవారం వస్తోందంటే చాలు, గుండె మీద బియ్యం బస్తా పెట్టినట్టుంటుంది. మా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. ఊరంతా చేపల వేట మీద బతుకుతుంది. మాది మాత్రం కిరాణా కొట్టు. పుట్టింట్లోనూ కొట్టే, అత్తింట్లోనూ కొట్టే. నాకు మాటలకన్నా ముందు బేరమే వచ్చిందని మా అమ్మ ఎగతాళి చేసేది.

తిత్లీ తుఫాను పోయాక కూలిన ఇళ్ళు మెల్లగా మళ్ళీ లేచాయి. మనుషులే లేవలేదు. పడవలు బాగుచేసుకున్నారు, వలలు అల్లుకున్నారు, కానీ ఎవరూ నీళ్ళలోకి దిగలేదు. అంత పెద్ద గండం తరవాత మా అమ్మోరు గంగమ్మ సెలవిస్తే తప్ప వేటకు పోకూడదన్నది మా ఊరి కట్టుబాటు. ఆ సెలవు ఎర్రమ్మ నోట రావాలి. ముప్పై ఏళ్ళుగా అమ్మోరు పూనేది ఆమెకే. మూడు మంగళవారాలు ఆమె తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని గుడి ముందు నిలబడింది. ధూపం వేశారు, డప్పులు కొట్టారు. మూడుసార్లూ కళ్ళు తెరిచి, "రానేదర్రా" అంది. అంతే.

నాలుగో మంగళవారం, డప్పు మోగుతుండగా, నేను ఊగిపోయాను.

ఎందుకు? ఊరి మీద జాలితోనా? జాలి ఉంది. గాలి వీస్తే చాలు పిల్లలు ఏడుస్తున్నారు. మగాళ్ళు సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటున్నారు. కానీ వేట లేని ఊళ్లో కొట్టు నడవదన్న సంగతీ నాకు తెలుసు. తక్కెడ పట్టుకుని పెరిగినదాన్ని, ఆ రెండింటిలో ఏది ఎక్కువ తూగిందో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

జుట్టు విరబోసుకోవడం సులువే. కళ్ళు తేలేయడమే కాస్త కష్టం. ఊరిపెద్ద ఎదురుగా వచ్చి చేతులు జోడించాడు.

"ఏటి కావాల తల్లీ? సెప్పు."

"మేకపోతు!" అని అరిచాను.

"మేకలన్నీ గాలికి పోనాయి తల్లీ. కోడిపుంజు ఇత్తాం."

నిజంగా అమ్మోరే అయితే ఇక్కడ హుంకరించేది. ఎర్రమ్మ నోట ఏనాడూ అడిగినది తగ్గలేదు. నా పాడు నోరు ఆగితేనా?

"రెండు పుంజులు!"

"ఒక్కటే మిగిలినాది తల్లీ. అదీ కుంటిది."

"కుంటిదైతే దాని మీద కొబ్బరికాయ కొసరెయ్యి!"

డప్పు ఆగిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో వెనకనుంచి ఒక ముసలామె, "ఒసే, అమ్మోరు కొసరు కూడా అడుగుతన్నాదే!" అంది. ఊరంతా పకపకా నవ్వింది. తుఫాను తరవాత మా ఊళ్లో విన్న మొదటి నవ్వు అది. నవ్వుతూనే ఏడ్చారు, ఒకరి భుజాలొకరు పట్టుకున్నారు. కొసరడిగే తల్లి మనల్ని చంపుకోదులే అనుకున్నారు. "వేటకి పోండర్రా" అన్నాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కాగితం రాసే పని ఉండేది కాదు.

"మరి ఎర్రమ్మప్ప మీదికి ఎందుకు రానేదు తల్లీ?" అని ఊరిపెద్ద అడిగాడు.

కొట్లో ఎవరైనా పక్క కొట్టు బియ్యం మాటెత్తితే పురుగు పట్టిందనడం నాకు ఊపిరి తీసినంత అలవాటు.

"దాని నోరు పాతబడిపోనాది. ఇంక దాని మీదికి రాను" అనేశాను.

మరునాడు పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి. అవి తిరిగొచ్చేసరికి ఆడవాళ్ళు గంపలు పట్టుకుని, ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వుకుంటూ చేపలకు ఎగబడ్డారు. ఊరు మళ్ళీ ఊరైంది. అది చూసి మురిసిపోయాను. ఇప్పటికీ మురుస్తాను, ఎందుకు దాచాలి?

కానీ తరవాత వచ్చిన పండగకి అమ్మోరి ఘటం నా తల మీద పెట్టారు. ముప్పై ఏళ్ళు దాన్ని మోసిన ఎర్రమ్మ, ఆడవాళ్ళ వరసలో చివరన నిలబడింది. తన వంతు రాగానే వంగి నా కాళ్ళు పట్టుకుంది.

"నా వల్ల ఏటి తప్పు జరిగినాది తల్లీ?"

ఆమె చేతిలో కాస్త పసుపు పెట్టి పంపేశాను. ఆ తరవాత ఆమె గుడి వైపు రావడం మానేసింది. ప్రతి మంగళవారం జనం నా దగ్గరికి వస్తున్నారు. నేను ఊగుతున్నాను.

ఆ మూడు మంగళవారాలూ ఎర్రమ్మ నాలా ఊగలేకపోయిందా? ఆమె ఊగితే ఒక్కరికైనా అనుమానం వచ్చేదా? ఊరంతా ఆశగా తన నోటి వైపే చూస్తున్నా, రాని అమ్మోరిని రాలేదనే చెప్పింది. ఈ సంగతి నా బుర్రకి ఎన్నాళ్ళకు తట్టిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ దగ్గర దొరికేది కాదు. ఇది మా ఊరివాళ్ళ కంటపడితే, పేరు లేకపోయినా నన్ను గుర్తుపడతారు. పట్టనీ. ఎర్రమ్మ నోరు పాతబడిందన్నది అమ్మోరు కాదు. నేను.

రాసేశాను. పొద్దున్నుంచి పొయ్యి వెలిగించలేదు. ఇప్పుడు భలే ఆకలేస్తోంది.