పొడి తువ్వాల

ఆ అమ్మాయి పేరు నేనడగలేదు. పాలకుర్తి నుంచి జనగామ పోయే బస్సులో నా పక్కన కూర్చుంది. మెడ కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్నదేమిటో తనే చెప్పింది.

"బ్యాటరీ అక్కా. మెదడుకు కరెంటు పంపుతది. గిది పెట్టినంక ఫిట్స్ తక్కువైనయి."

అవతలి సీటులోని అవ్వ అది విని మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. "జర అటు జరుగు బిడ్డా, పిల్లకు షాక్ కొడతది."

ఆ అమ్మాయి నావైపు జరిగింది. "ఇంతకుముందు పడిపోతే ఇనుప తాళంచెవులు పెట్టి నా చెయ్యి గట్టిగ పట్టుకునెటోళ్లు. గిప్పుడు ఎవ్వరూ ముడుతలేరు."

జనగామలో దిగుతూ మెట్టు తప్పి పడింది. బస్సులో మా మాటలు విన్న, వెనకున్న రైతుకు జాలి కలిగింది. పొలంలో మోటరు స్టార్టర్ ముట్టుకునేటప్పటిలా చేతికి తువ్వాల చుట్టుకుని ఆ చెయ్యి అందించాడు.

"పట్టుకో బిడ్డా, పొడిదే. ఏం కాదు."

ఆమె ఆ తువ్వాలనే పట్టుకుని లేచింది.